స్పేస్ ఇన్వేడర్స్ మెషీన్‌లో ఆటే మారిపోయింది: ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ టేబుల్‌టాప్ ఆర్కేడ్ మెషీన్‌లో ఆట సరిచేయడం, లేదా డబ్బు వాపసు.

అయ్యా,

పైనుంచి గుంపుగా దిగే ఏలియన్లను (గ్రహాంతర జీవులను) కింద నుంచి కాల్చే ఆట స్పేస్ ఇన్వేడర్స్. మీ డబ్బా మీద "1978 నాటి అసలు ఆట, ఉన్నది ఉన్నట్టు" అని అచ్చు వేశారు. లోపలున్నది అది కాదు.

అన్నిటికంటే పెద్ద లోపం కదలికలో ఉంది. టైటో కంపెనీకి టోమోహిరో నిషికాడో చేసిన ఆటలో 5 వరుసలు, వరుసకు 11 చొప్పున 55 ఏలియన్లు. అందులోని ఇంటెల్ 8080 ప్రాసెసర్ ఫ్రేముకు (తెర మీద మారే ఒక్కో దృశ్యానికి) ఒక్క ఏలియన్‌నే జరుపుతుంది. సెకనుకు 60 ఫ్రేములు కాబట్టి గుంపంతా ఒక అడుగు వేయడానికి సుమారు 0.9 సెకను. సగం చస్తే సగం సమయమే. చివరికి ఒక్కటే మిగిలితే ప్రతి ఫ్రేముకూ అడుగే, అందుకే అది అంత తేలిగ్గా దొరకదు. ఆట ప్రాణమంతా అక్కడే ఉంది. మీ మెషీన్‌ను ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి చూడండి: 55 బొమ్మలూ ఒక్కసారే జరుగుతాయి. కింద ఎడమ మూల నుంచి అలలా పైకి పాకాల్సిన కదలిక లేనేలేదు. వేగం కూడా మూడే మెట్లలో పెరిగి ఆగిపోతోంది.

రెండోది, పైన ఎగిరే సాసర్. దానికి 50, 100, 150, 300 పాయింట్లు వచ్చేది అదృష్టం మీద కాదు, కాల్చిన బుల్లెట్ల లెక్క మీద. మొదటి రౌండ్‌లో 23వ బుల్లెట్‌తో కొడితే 300, ఆపైన ప్రతి 15వ దానికీ 300. మీ దాంట్లో 23, 38, 53 లెక్కపెట్టి కొట్టినా ఒకసారి 50, ఇంకోసారి 100. లెక్కతో ఆడేవాళ్ల నేర్పుకు విలువ లేకుండా పోయింది.

ఇక రంగులు. తెర నలుపు తెలుపుదే, దాని మీద రంగు సెల్లోఫేన్ పట్టీలు ఉండేవి. అంటే రంగు చోటుది, బొమ్మది కాదు. తెల్ల ఏలియన్ షీల్డుల (ఆటగాడికి అడ్డుగా ఉండే గోడల) దాకా దిగితే పచ్చబడాలి, బుల్లెట్ పచ్చగా బయల్దేరి మధ్యలో తెల్లబడాలి. మీరు బొమ్మలకే రంగు వేశారు. డబ్బా మీది ఫోటోలో మాత్రం సరిగ్గానే ఉంది!

నాలుగు స్వరాల బేస్ చప్పుడు, దెబ్బ తగిలిన చోటల్లా షీల్డు అరిగే తీరు బాగా చేశారు. వాటిని కదపకండి.

మెషీన్ కింద యూఎస్‌బీ పోర్టు ఉంది, కాబట్టి సరిచేసిన ఫర్మ్‌వేర్ (మెషీన్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) పంపితే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకోవచ్చు. 30 రోజుల్లో అది కుదరకపోతే పూర్తి సొమ్ము వాపసు ఇవ్వండి. బిల్లు కాపీ, స్లో మోషన్ వీడియో జతపరిచాం.

ఇట్లు,
కొనుగోలుదారులు