నాన్న ఊపిరిలో వచ్చే చప్పుడు ఆస్తమాది కాదని పట్టుకున్న డాక్టరమ్మకి

మూడు నెలలు నాన్నతో ఇన్‌హేలర్ కొట్టిస్తూనే ఉన్నాం. మొదట చూపించిన చోట ఆస్తమా అన్నారు, మేమూ నమ్మాం, డోసు పెంచుకుంటూ పోయారు, ఈయనేమో పడుకుంటే ఊపిరాడక దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీసేవారు.

పోయిన నెల ఒక రాత్రి పెదాలు నీలంగా మారేసరికి, జోరు వానలో మూసాపేట నుంచి ఆటోలో పరుగెత్తాం. ఎమర్జెన్సీలో ఉన్న ఆ చిన్న వయసు డాక్టరమ్మ స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి ఊరుకోకుండా మెడ మీద కూడా పెట్టి విన్నారు. "ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయమ్మా, ఈయనకి పీల్చేటప్పుడు వస్తోంది, అడ్డు పైనెక్కడో ఉంది" అని వెంటనే సీటీ స్కాన్‌కి పంపారు. లింఫ్ గ్రంథులు (ఒంట్లో ఇన్ఫెక్షన్‌తో పోరాడే చిన్న బిళ్లలు) వాచిపోయి శ్వాసనాళాన్ని బయటి నుంచి నొక్కేస్తున్నాయి. బొటనవేలంత లావుండాల్సిన దారి 5 మిల్లీమీటర్లకి వచ్చేసింది.

స్టెంట్ (దారి మూసుకుపోకుండా లోపల పెట్టే గొట్టం) అంటే గుండెకే వేస్తారనుకునేదాన్ని. మర్నాడు మత్తిచ్చి, కోత లేకుండా నోట్లోంచే, ఊపిరి దారి లోపల చూసే బ్రాంకోస్కోపీ గొట్టం దించి సిలికాన్ స్టెంట్ పెట్టారు. జారిపోకుండా దానికి బయటివైపు చిన్న చిన్న బొడిపెలుంటాయి. ఇలాంటి కేసులో మత్తివ్వడమే పెద్ద గండమట, ఉన్న కాస్త దారీ మూసుకుపోవచ్చట. మత్తు డాక్టర్ గారూ, మీ ముఖం కూడా సరిగ్గా చూడలేదు, మీకు దండం. ఆ రాత్రి నాన్న వెల్లకిలా పడుకుని నిద్రపోయారు, నేనే నిద్రపోకుండా చూస్తూ కూర్చున్నా.

స్టెంట్‌తో జబ్బు పోలేదు, దారి తెరుచుకుందంతే. బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు వచ్చింది, క్యాన్సర్‌కి కీమో మొదలైంది. స్టెంట్‌లో కఫం గట్టిపడి అడ్డుపడకుండా రోజూ ఉప్పునీళ్ల నెబులైజేషన్ (మిషన్‌తో పొగలా చేసి పీల్పించడం) పెడుతున్నాం. మళ్లీ ఎక్కడైనా మత్తివ్వాల్సి వస్తే ముందే చెప్పాలని, స్టెంట్ సైజు రాసిన కార్డు నాన్న పర్సులోనే పెట్టా. ఐసీయూ సిస్టర్ ఒకావిడ ఇవన్నీ నాకు మూడుసార్లు చెప్పారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. థాంక్యూ సిస్టర్.

పక్క ఫ్లాట్ ఆంటీ, వారం రోజులు మా పిల్లలకి మీరు పెట్టిన అన్నం మర్చిపోను. అడక్కుండానే డబ్బులు పంపిన ఆఫీసు వాళ్లకి విడిగా ఫోన్ చేస్తా.

ఇక ఆ ఆటో అన్న. మోకాళ్ల లోతు నీళ్లలో బండి ఆగిపోతే దిగి తోసి మరీ తీసుకెళ్లాడు, కిరాయి ఇద్దామని వెనక్కి తిరిగేసరికి లేడు. మూసాపేట స్టాండులో రెండుసార్లు అడిగా, ఎవరూ తెలీదన్నారు. అన్నా, ఇది నీ కంట పడితే ఒక్క మెసేజ్ పెట్టు, నాన్న నీతో మాట్లాడతానంటున్నారు.