కెంటకీ టోర్నడో సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ (మార్చి 2022 వరకు)

నాష్‌విల్ తెలుగు కుటుంబాలందరికీ నమస్కారం.

2021 డిసెంబర్ 10 రాత్రి మేఫీల్డ్, డాసన్ స్ప్రింగ్స్, బ్రెమన్ మీదుగా వెళ్లిన టోర్నడో సుమారు 165 మైళ్లు నేలను వదల్లేదు. గాలి వేగం గంటకు 190 మైళ్లు. ఆ ఒక్క టోర్నడోకే 57 మంది పోయారు. మనకు రెండు గంటల దూరంలో జరిగిన ఘోరం కాబట్టి ఎవరూ అడగకముందే డబ్బు రావడం మొదలైంది. దాని లెక్క ఇది.

జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) ద్వారా 8,215 డాలర్లు, చెక్కులుగా 2,350 వచ్చాయి. సంక్రాంతి భోజనాల దగ్గర పెట్టిన హుండీలో 1,148, పులిహోర స్టాల్ మీద 657. మొత్తం జమ 12,370 డాలర్లు. ఆఫీసు మ్యాచింగ్ (మనమిచ్చిన దానికి కంపెనీ కూడా కొంత కలపడం) కావాలన్నవాళ్లు గవర్నర్ బషీర్ ప్రారంభించిన టీమ్ వెస్ట్రన్ కెంటకీ నిధికి నేరుగా కట్టారు, అది ఇందులో లేదు. మనది రిజిస్టర్ అయిన సంస్థ కాదు. అందుకే మనమిచ్చే రసీదు ట్యాక్స్ మినహాయింపుకు పనికిరాదు, సరుకు మీద 6 శాతం సేల్స్ ట్యాక్స్ కూడా మనమే కట్టాం.

మొదటి విడత ఖర్చు అందరూ ఊహించేదే. మేఫీల్డ్‌లో వాటర్ ట్యాంకే కూలిపోయింది, కరెంటు లేదు, పైగా చలి. తాగునీళ్లు, టార్పాలిన్లు, బ్యాటరీలు, గ్లవ్స్ కలిపి 1,486 డాలర్లు. రెండు జనరేటర్లకు, వాటి కేబుళ్లకు 1,298. ముప్పై కుటుంబాలకు తలా 50 డాలర్ల కిరాణా కార్డులు, 1,500. బట్టలు మాత్రం వద్దని షెల్టర్ల వాళ్లే చెప్పేశారు, అప్పటికే గుట్టలు పడి ఉన్నాయట. అయినా కొందరు సంచులు తెచ్చి మా గరాజుల్లో పెట్టి వెళ్లారు. వాటిని ఇక్కడి థ్రిఫ్ట్ స్టోర్‌కు (వాడిన వస్తువులు అమ్మే దుకాణం) ఇచ్చేశాం.

ఎక్కువమంది అడిగిన ప్రశ్న కంచె గురించి. ఇళ్లు పోయినవాళ్లుండగా పొలాల కంచెకు 4,120 డాలర్లు ఎందుకు పెట్టారని. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటుంది, లేకపోతే ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) ఎంతో కొంత ఇస్తుంది. పొలం కంచె ఫీమా సాయం కిందకు రాదు. వ్యవసాయ శాఖ పథకంలో 75 శాతం దాకా వస్తుంది కానీ దరఖాస్తు, తనిఖీ అయ్యేదాకా ఆవులు ఆగవు కదా. మేఫీల్డ్ ఉన్న గ్రేవ్స్ కౌంటీలో ఒక రైతు కొట్టుకుపోయిన కంచె స్థానంలో ట్రాక్టరు, ట్రైలరు అడ్డం పెట్టి మందను కాపాడుకుంటున్నాడు. అది చూశాకే ఈ నిర్ణయం తీసుకున్నాం. ముళ్లతీగ 22 చుట్టలకు 2,024, ఇనుప స్తంభాలు 310కి 2,015, క్లిప్పులకు 81. వంగిన పాత స్తంభాలను రైతులే సరిచేసుకుని మళ్లీ పాతుకున్నారు.

ఎండుగడ్డి 27 పెద్ద మోపులు, 1,350 డాలర్లు. ఇంకో 187 డాలర్లు నేల మీద నెట్టుకుంటూ వెళ్లే చక్రాల అయస్కాంతాలకు. ఇదేం ఖర్చని అనిపించవచ్చు. ఎగిరొచ్చిన పైకప్పుల మేకులు, తీగ ముక్కలు పచ్చిక నిండా ఉన్నాయి. ఆవు గడ్డితోపాటు మేకు మింగితే అది పొట్టలో దిగబడి, ఒక్కోసారి గుండె దాకా గుచ్చుకుంటుంది. అయస్కాంతాన్ని ఒక్క వరస నెడితే చాలు, కింద మేకులు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని వచ్చాయి.

అక్కడ పొగాకును కట్టెల పొగతో ఆరబెడతారు. డిసెంబర్‌లో చాలా ఆకు ఇంకా బార్నుల్లోనే (ఆకు ఆరబెట్టే కొట్టాలు) వేలాడుతూ ఉంటుంది. బార్ను కూలితే ఏడాది పంట పోయినట్టే. ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బార్ను కట్టించే స్తోమత మన నిధికి లేదు, ఆ జోలికి పోలేదు.

ట్రక్కు అద్దె, పెట్రోలు 614 డాలర్లు. వెళ్లినవాళ్ల తిండి ఖర్చు వాళ్లదే. మొత్తం ఖర్చు 10,555, నిల్వ 1,815 డాలర్లు.

ఈ నిల్వను అక్కడ కంచెల పని చూస్తున్న చర్చికి ఏప్రిల్‌లో ఇద్దామని కమిటీ అనుకుంటోంది. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ నెలాఖరులోగా చెప్పండి. బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి, ఉగాది రోజు టేబుల్ మీద పెడతాం, ఎవరైనా చూసుకోవచ్చు. జెల్‌లో పేరు లేకుండా వచ్చిన 40 డాలర్లు ఎవరివో చెబితే రసీదు రాసిస్తాం.