చెరువు హద్దును బొమ్మగా కాదు, కొలతలతో ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. చెరువుల కబ్జాల వార్తల పక్కన తరచూ రెండు ఉపగ్రహ చిత్రాలు అచ్చవుతున్నాయి. ఒకదాంట్లో నిండు చెరువు, రెండోదాంట్లో ఇళ్లు. అవి ఏ నెలలో తీసినవో, ఏ ఉపగ్రహం తీసిందో, స్కేలు ఎంతో రాయరు. నిండిన అక్టోబరును ఎండిన మే నెల పక్కన పెడితే కబ్జా జరగని చెరువు కూడా మాయమైనట్టే కనిపిస్తుంది. ఆ ఒక్క తప్పు పట్టుకుని అవతలి వకీలు నిజమైన ఫిర్యాదును కూడా కొట్టేయించగలడు. చెరువులు బతకాలని కోరుకునే మాకు అది చాలా బాధగా ఉంటుంది.

2023లో వెలువడిన తొలి జలవనరుల గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1,90,777, తెలంగాణలో 64,056 నీటి వనరులున్నాయి. అన్నిటి దగ్గరికీ ఏటా సర్వేయరును పంపడం అయ్యే పని కాదు. ముందు ఏ చెరువు దగ్గరికి వెళ్లాలో తేల్చడానికి ఉచిత ఉపగ్రహ డేటాను మించిన సాధనం లేదు. హద్దు రాయి ఎక్కడ పాతాలో మాత్రం అది చెప్పలేదు. ఈ రెండు పనులనూ కలిపేయడం వల్లే గొడవలన్నీ వస్తున్నాయి.

ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఎవరికైనా ఉచితం. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి మన నేలను చూస్తాయి. అందులో ఒక పిక్సెల్, అంటే చిత్రంలోని అతి చిన్న గడి, పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, అంటే మన లెక్కలో ఇంచుమించు ఒక గుంట. ఆంధ్ర లెక్కలో రెండున్నర సెంట్లు. పాత సంగతులకు అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఉంది. 1980ల నుంచి దొరికే దాని 30 మీటర్ల పిక్సెల్ తొమ్మిది గుంటలు. పదెకరాల గుండ్రటి చెరువును సెంటినెల్ 400 పిక్సెళ్లుగా చూస్తుందనుకుంటే, అంచు మీద పడేవే తొంభై దాకా ఉంటాయి. వాటిలో కొంత నీరు, కొంత నేల. అంటే ఐదో వంతుకు పైగా పిక్సెళ్లు అటూ ఇటూ కానివే. తెలంగాణలో 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు బఫర్ (చెరువు హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన నేల) 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల పిక్సెల్‌తో తొమ్మిది మీటర్ల బఫర్‌ను తేల్చబోవడం గజం బద్దతో అంగుళాలు కొలవబోయినట్టే.

మరో పొరపాటు ఇంకా లోతైనది. ఎఫ్‌టీఎల్ అంటే ఫలానా రోజున కనిపించిన నీటి అంచు కాదు. చెరువు నిండి, నీళ్లు అలుగు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) దాకా వచ్చి నిలిచినప్పటి మట్టం (ఫుల్ ట్యాంక్ లెవెల్). అది ఎత్తుకు సంబంధించిన అంకె. ఆ అంకెను నేల మీద చుట్టూ గీస్తేనే హద్దు వస్తుంది. 2020 అక్టోబరు వంటి వరద రోజుల చిత్రంలో నీరు ఎఫ్‌టీఎల్ దాటి ఉంటుంది, కరువు ఏడాది చిత్రంలో సగం శిఖం (చెరువు లోపలి భూమి) బయటపడి ఉంటుంది. ఇవి సాక్ష్యాలు మాత్రమే. హద్దులు కావు. అలుగును పగలగొట్టడం కబ్జాదారులకు బాగా తెలిసిన విద్య. రెండు వందలకు ఒకటి వాలున్న నేలలో అలుగు ఒక్క అడుగు దిగితే నీటి అంచు రెండు వందల అడుగులు లోపలికి పోతుంది. ఆ తర్వాత తీసిన ప్రతి చిత్రమూ కబ్జాదారుడి పక్షానే మాట్లాడుతుంది.

సొంతంగా చూడాలనుకునే పాఠకులకు పద్ధతి చెబుతాం. సెంటినెల్ చిత్రాలు దొరికే కోపర్నికస్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి, మబ్బు తక్కువగా ఉన్న తేదీ ఎంచుకోవాలి. తెలంగాణకు సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా, నెల్లూరు, రాయలసీమ వైపు నవంబరు, డిసెంబరు మంచివి. ఏటా అదే నెల తీసుకుని, ఆ ఏటి వర్షపాతం పక్కన రాసుకోవాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడో బ్యాండు (ఆకుపచ్చ కాంతి చిత్రం) విలువలోంచి ఎనిమిదో బ్యాండు (కంటికి కనిపించని పరారుణ కాంతి చిత్రం) విలువను తీసి, ఆ రెంటి మొత్తంతో భాగించాలి. సున్నా కన్నా ఎక్కువ వస్తే సాధారణంగా నీరు. బురద నీరు సున్నా కిందికి జారుతుంది కాబట్టి, నీటినీ నేలనూ విడదీసే ఈ సున్నా గీతను ఒక్కో చెరువుకు చూసి దించుకోవాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫైలు పేరులో ఎన్ అక్షరం తర్వాత 0400 లేదా అంతకు మించిన అంకె ఉంటే, ప్రతి విలువకూ వెయ్యి కలిపి ఇచ్చారని అర్థం. 2022 జనవరి నుంచి వచ్చిన మార్పు ఇది. భాగించే ముందే రెండు బ్యాండ్ల నుంచీ వెయ్యి తీసేయాలి. లేకపోతే పైన తేడా అలాగే ఉండి కింద మొత్తం రెండు వేలు పెరుగుతుంది. సున్నా గీత మారదు గానీ, గీతను మైనస్ 0.1కి దించుకున్నవారికి పాత ఏడాదీ కొత్త ఏడాదీ ఒకే కొలతలో ఉండవు. చెరువు ఉన్నట్టుండి పెరిగినట్టో తరిగినట్టో కనిపించేది అందుకే.

విస్తీర్ణాన్ని డిగ్రీల్లో లెక్కించకూడదు, మీటర్లలో కొలిచే యూటీఎం అనే పటాల పద్ధతిలోకి మార్చుకోవాలి. రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ జోన్. అనంతపురం, ఆదోని, జహీరాబాద్ వైపు 43. పలాస, ఇచ్ఛాపురం 45.

ఊరి మధ్య చెరువులకు గుర్రపుడెక్క పెద్ద శత్రువు. నీటి మీద పరుచుకున్న గుర్రపుడెక్క ఉపగ్రహానికి పచ్చని పొలంలాగే కనిపిస్తుంది. చెరువు సగం పూడ్చేశారని పొరబడటానికి అదొక్కటి చాలు. కనీసం మూడు నాలుగు ఏళ్ల తేదీలు చూసి, డెక్క తీసేసిన తర్వాతి చిత్రాన్ని నమ్మాలి. ఎత్తయిన భవనాల నీడలు, డాంబరు రోడ్లు నీరుగా కనిపిస్తాయి. పదకొండో బ్యాండు వాడితే కట్టడాల గందరగోళం తగ్గుతుంది కానీ దాని పిక్సెల్ ఇరవై మీటర్లు. వరద సమయంలో మబ్బులు దాటి చూడటానికి సెంటినెల్-1 రాడార్ ఉంది. పొలాల్లో అది చక్కగా పనిచేస్తుంది. ఇళ్ల మధ్య నిలిచిన నీటిని మాత్రం పట్టుకోలేదు, గోడల నుంచి తిరిగొచ్చే సంకేతం నీటిని కప్పేస్తుంది.

పాత పటాల విలువ వేరు. అమెరికా 1960లలో తీసి, 1995లో రహస్య జాబితా నుంచి తప్పించిన కరోనా ఉపగ్రహ ఫొటోల్లో పట్నం పెరగకముందరి చెరువు కట్టలు, తూములు ఆనవాలు పట్టేంత స్పష్టంగా ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లను నేటి చిత్రం మీద నేరుగా పరిచేస్తే హైదరాబాద్ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు పడతాయి. అవి ఎవరెస్ట్ అనే పాత కొలమానంలో ఉన్నాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84లో ఉంటుంది. మార్చకుండా పరిచి, కాలనీ మొత్తం చెరువులో ఉందని ప్రకటించడం అన్యాయం. గ్రామ నక్షాను అమర్చేటప్పుడు రోడ్డు మలుపులనో చెట్లనో ఆనవాళ్లుగా తీసుకోవద్దు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాళ్లు, అలుగు రెండు చివరలు, తూము, పాత గుడి వంటివి కనీసం ఎనిమిది, పటం నలుమూలలా ఉండేట్టు తీసుకోవాలి. ఎంత తేడాతో అమరిందో ఆ మీటర్ల లెక్క పటం మీదే రాయాలి. ఆ అంకె లేని నక్షాను మేం నమ్మం.

కొల్లేరు సంగతికి వస్తే ఎత్తుల లెక్క ఎంత సున్నితమో తెలుస్తుంది. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఐదడుగులంటే ఒకటిన్నర మీటరు. అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచి ఉచితంగా ఇచ్చే ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు పూర్ణ మీటర్లలోనే ఉంటాయి: ఒకటి, రెండు, మూడు. పైగా వాటిలో పొరపాటు కొన్ని మీటర్ల దాకా ఉండొచ్చు. వాటితో ఐదో కాంటూరు గీసి చూపించేవారు ఏ పక్షంవారైనా ఒప్పుకోకూడదు. జీపీఎస్ ఇచ్చే ముడి ఎత్తుకూ సముద్రమట్టం ఎత్తుకూ మన తీరంలో డెబ్బై మీటర్లకు పైగా తేడా ఉంటుంది కాబట్టి, కొన్ని పరికరాలు కొల్లేరులో మైనస్ అంకె చూపిస్తాయి. అదే కొల్లేరులో చేపల చెరువులు ఏ ఏడాది ఎక్కడ తవ్వారో మాత్రం ఉపగ్రహం బాగా పట్టిస్తుంది. నిలువు గట్లు, నలుచదరాలు పది మీటర్ల చిత్రంలోనూ దాగవు.

ఇక ప్రభుత్వాలను అడగాల్సింది. ఎఫ్‌టీఎల్ పటాలు అధికారిక వెబ్‌సైట్లలో దొరికినా, అవి చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్ బొమ్మలు. వాటిని మళ్లీ అమర్చుకోవాల్సిందే, ఒక్కొక్కరికి ఒక్కో హద్దు రావాల్సిందే. రక్షణ, రహస్యం అనే సాకు ఇప్పుడు చెల్లదు. 2021 ఫిబ్రవరి 15 మార్గదర్శకాలు, 2022 జాతీయ భౌగోళిక విధానం వచ్చాక పటాల డేటా మీద పాత ఆంక్షలు చాలావరకు పోయాయి. సర్వే సమయంలో కొలిచిన అక్షాంశ రేఖాంశాలు కంప్యూటర్లలో ఎటూ ఉంటాయి. వాటినే కేఎంఎల్ గానో జియోజేసన్ గానో, అంటే పటాల సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెరుచుకునే ఫైళ్లుగా, పెట్టాలి. ఒక్కో చెరువుకు అలుగు శిఖరం మట్టం మీటర్లలో, అది ఏ బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు రాయి) నుంచి తీశారు, సర్వే తేదీ, వాడిన పరికరం, పొరపాటు ఎంత, ప్రాథమిక నోటిఫికేషనా తుదిదా అన్న వివరాలుండాలి. హద్దు మారిస్తే పాత ఫైలు చెరిపేయకుండా తేదీతో పక్కనే ఉంచాలి. ఇది జరిగితే ప్లాటు కొనేవారు బయానా ఇవ్వకముందే ఫోన్‌లో చూసుకోగలరు. కూల్చివేత దాకా వచ్చాక కన్నీళ్లు పెట్టుకునే కుటుంబాలు తగ్గుతాయి.

అందరూ కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పనిచేసే యువతకు ఒక మాట. గూగుల్ పటం చూసి గీయడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఎఫ్‌టీఎల్ గీతను ఊహించి పెట్టొద్దు. కంటితో చూసిన అలుగు, తూము, నాలా, కల్వర్టు మాత్రం తప్పక చేర్చండి. ముఖ్యంగా చెరువు నుంచి చెరువుకు వెళ్లే నాలాలను నడిచి గుర్తించండి. ఉచిత ఎత్తుల డేటాలో భవనాల కప్పులు కూడా కలిసిపోతాయి కాబట్టి, ఇళ్ల మధ్య రెండు మీటర్ల నాలాను కంప్యూటర్ కనిపెట్టలేదు.

చివరగా మీ పత్రికకు విన్నపం. ఇకపై అచ్చయ్యే ప్రతి ఉపగ్రహ చిత్రం కింద తీసిన తేదీ, ఉపగ్రహం పేరు, స్కేలు గీత వేయించండి.

ఇట్లు,
చెరువుల పటాల పనిలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్