ఇరవై ఒకటి నిండితే ఫీజు మూడింతలా?

సంపాదకుడి గారికి,

అమెరికాలో మనవాళ్ల గురించి మీ పత్రికలో హెచ్‌-1బీ, గ్రీన్‌కార్డు క్యూ వార్తలు తరచూ చదువుతుంటాం. వాళ్ల పిల్లల కాలేజీ ఫీజుల ఊసు మాత్రం ఎక్కడా కనబడదు.

మేముండే కాలిఫోర్నియా సంగతే చెబుతాను. కుటుంబం ఏడాదికి పైగా ఇక్కడే కాపురముండి, కాగితాలన్నీ సరిగ్గా ఉంటే హెచ్‌-4 (హెచ్‌-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకూ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఇన్‌స్టేట్ ఫీజే, అంటే ఈ రాష్ట్రం వాళ్ల ఫీజే పడుతుంది. 2024-25లో కొత్తగా చేరినవాళ్లకు అది సుమారు 14 వేల డాలర్లు. ఆ ఏడాది బయటివాళ్లయితే దానిపైన ఇంకో 34,200 డాలర్లు కట్టాల్సి వచ్చింది. హాస్టల్, తిండి వేరే. ఫెడరల్ గ్రాంట్లు, లోన్లు ఈ పిల్లలకు ఎలాగూ రావు.

టెన్షన్ అంతా 21 నిండేటప్పుడే. హెచ్‌-4 పోతుంది. ఉద్యోగాల కోటా గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే కాబట్టి మనవాళ్ల క్యూ పొడవు, తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు అప్పటికి రాదు. డిగ్రీ మూడో ఏడో నాలుగో ఏడో చదువుతుండగా ఎఫ్‌-1కి, అంటే విద్యార్థి వీసాకి మారాలి. చదువయ్యాక స్వదేశానికి వెళ్లిపోతామన్న షరతు మీద ఇచ్చే వీసా అది, అందుకే యూనివర్సిటీ వాళ్లను ఈ రాష్ట్రం వాళ్లుగా లెక్కించదు. రెండో తరగతి నుంచి ఫ్రీమాంట్ బడిలో చదివిన పిల్ల, నిన్న హైదరాబాద్ నుంచి దిగిన విద్యార్థి ఒకటే అన్నమాట! ఆ పిల్లకు స్వదేశమంటే సెలవుల్లో వెళ్లే అమ్మమ్మగారిల్లు.

ఇక్కడి హైస్కూల్లో మూడేళ్లు చదివి పాసైనవాళ్లకు ఈ అదనపు ఫీజు తీసేస్తూ 2001లోనే ఈ రాష్ట్రం ఏబీ 540 చట్టం చేసింది. కాగితాల్లేని పిల్లలకూ అది వర్తిస్తుంది. మంచి పనే, వాళ్లకెందుకిచ్చారని అడగడం నా ఉద్దేశం కాదు. తాత్కాలిక వీసాల వాళ్లను దాదాపు అందరినీ అదే చట్టం పక్కనపెట్టింది. సక్రమంగా వీసా తీసుకోవడమే అనర్హత అయింది.

గ్రీన్‌కార్డు వాషింగ్టన్ చేతిలోది. ఈ పిల్లల కోసం 2021లో అక్కడ పెట్టిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ ఇంకా చట్టం కాలేదు. ఫీజు విషయంలో మాత్రం రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఒక సవరణ చేసి ఏబీ 540లోని ఆ వీసా మినహాయింపు ఎత్తేయొచ్చు, యూనివర్సిటీ పాలకమండలి కూడా దాన్ని ఆమోదించాలి. మన తెలుగు సంఘాలు సభలకు ఇక్కడి నాయకుల్ని పిలిచి శాలువాలు కప్పుతుంటాయి. ఈసారి ఆ శాలువాతో పాటు ఒక వినతిపత్రం కూడా ఇవ్వమని మనవి. మాకు ఓటు లేదు. సంఘాల పెద్దల్లో చాలామందికి ఉంది.

– ఒక తల్లి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా