కొత్త రోడ్డు వేసే ముందు పాతది తీయించండి: పట్టణాభివృద్ధి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బరంపురంలో అప్పడాలు చేసి అమ్ముకునే మనిషిని. ముందు గదుల్లో పని, వెనక గదుల్లో కాపురం. ఈ ఉత్తరాన్ని ఒడియాలో రాయించి మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో పెడుతున్నది మా వీధివాళ్ళ కోసం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఇదే బాధ ఉన్న మనవాళ్ళ కోసం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వానాకాలంలో మా ఇళ్ళలోకి మురుగు ఎదురు తన్నుతోంది. తప్పు వానది కాదు, రోడ్డుది. పాత రోడ్డు తీయకుండా దాని మీదే మళ్ళీ మళ్ళీ కొత్తది పరుస్తున్నారు. మా తాతగారు ఇల్లు కట్టిన రోజుల్లో వీధిలోంచి మూడు మెట్లెక్కితేగాని అరుగు మీదికి వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగుతున్నాం. రోడ్డుతోపాటు పక్క కాలువ కూడా పైకి లేచింది. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

మా వైపు చాలా ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకే దిక్కు. ట్యాంకులో మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళు ఒక గొట్టంలోంచి వీధి కాలువలోకి పోతాయి. నిజానికి అవి ఇంకుడు గుంతలోకి పోవాలి. గోడకు గోడ ఆనుకున్న ఇరుకు వీధుల్లో ఆ జాగా ఎవరికుంది? కాలువలో నీళ్ళు ఆ గొట్టం కంటే కింద ఉన్నంతసేపు గొడవ లేదు. అంతకు పైకి లేస్తే నీళ్ళు పల్లం వెతుక్కుంటాయి. గొట్టంలోంచి ట్యాంకులోకి, ట్యాంకులోంచి మరుగుదొడ్డిలోకి, స్నానాలగదిలోకి వస్తాయి. ఇంట్లో అన్నిటికంటే కిందున్న కన్నంలోంచి మొదట బయటపడతాయి. పై అంతస్తులో ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. కింద ఉండేది ఎక్కువగా ముసలివాళ్ళు, చిన్న దుకాణాలవాళ్ళు, తక్కువ అద్దె ఇచ్చుకోగలిగినవాళ్ళు.

కిందటి వానాకాలం మా ఇంట్లో ముందుగా స్నానాలగది జాలీ బుడబుడమంది. ఆ తర్వాత నల్లటి నురగ. తడి గోనెసంచి కుక్కి పైన రాయి పెడితే అంచుల్లోంచి ఊరింది. మేడ మీద అద్దెకున్న అక్కను కుళాయి కట్టేయమని కేకేశాం. ఆవిడ పైన ఒక బకెట్ నీళ్ళు పోస్తే కాలువలోకి పోయే దారిలేక మా గచ్చు మీదే తేలతాయి మరి. కరెంటు మెయిన్ ఆపేశాం. గోడవారగా మినప్పిండి బస్తాలున్నాయి. బస్తా అడుగు తడిస్తే చెమ్మ పైకి పాకుతుంది, కానీ మూతి విప్పి చూస్తే పిండి తెల్లగా, పొడిగానే కనిపిస్తుంది. చూసినవాళ్ళు పైపిండి తీసుకోవచ్చు కదా అన్నారు. మురుగు తగిలిన పిండితో చేసిన అప్పడం ఇంకొకరి పిల్లలకు పెట్టలేం. అన్నీ పారబోశాం. కింద తడికల మీద ఆరబెట్టిన సరుకూ పోయింది.

పక్కింటి మావయ్యకు జరిగింది ఇంకా అన్యాయం. ఆయనది గుంట మగ్గం. కాళ్ళు పెట్టుకుని కూర్చునే ఆ గుంటే ఇంట్లో అన్నిటికంటే పల్లం, మురుగు సరాసరి అందులోకి దిగింది. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. ఆ పట్టు నేసే చేతులవాళ్ళ ఇళ్ళ సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి కదా సార్.

నీళ్ళు తీశాక బ్లీచింగ్ చల్లి కడుక్కున్నాం. (దయచేసి ఎవరూ బ్లీచింగ్‌లో యాసిడ్ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ పుట్టి ఊపిరాడదు.) కామెర్లు, టైఫాయిడ్ ఈ నీళ్ళతోనే వస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

ఇలా అయినప్పుడు జనం టెన్షన్‌లో చేసే మొదటి పని, ఎవరో ఒకర్ని పిలిచి డబ్బులిచ్చి ట్యాంకులోకి దింపడం. అది నేరం. మనుషుల్ని అలా దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గిందని లోపలికి దిగిన మనిషి అక్కడే కూలిపోతాడు. మన రాష్ట్రంలో 14420కి ఫోన్ చేస్తే మడ్డి తోడే బండి వస్తుంది, పట్టణాల్లో ఆ మడ్డిని శుద్ధిచేసే కేంద్రాలూ కట్టారు. ఇది మంచి పని, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే మా కష్టం బండితో తీరేది కాదు. ఈరోజు ట్యాంకు ఖాళీ చేయిస్తే రేపటి వానకు కాలువే దాన్ని మళ్ళీ నింపుతుంది.

ప్లంబరు చెప్పిన మందు, బయటికి పోయే గొట్టానికి నాన్-రిటర్న్ వాల్వు. నీళ్ళు బయటికి పోతుంటే తెరుచుకుంటుంది, ఎదురొస్తే మూసుకుంటుంది. అది పెట్టించాం. కానీ వాల్వు మూసుకున్నంతసేపు మా ఇంటి నీళ్ళూ బయటికి పోవు, కుళాయి తిప్పకుండా కూర్చోవాలి. దాని రెక్కలో జుట్టో ఇసుకో ఇరుక్కుంటే సరిగ్గా మూసుకోదు, అందుకని వానలకు ముందు విప్పి కడగాలి. రోజు కూలితో ఇల్లు నడిపేవాళ్ళు వాల్వు ఖర్చు కూడా పెట్టుకోలేరు. రోడ్డు ఎత్తు పెంచింది వాళ్ళు కాదు, ఆ ఖర్చు వాళ్ళ మీద పడటం ధర్మం కాదు.

2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ వచ్చింది. అంత పెద్ద తుపానుకు నీళ్ళు వస్తే ఓర్చుకుంటాం, ఎవరినీ తప్పుపట్టం. ఇప్పుడు ఒక మామూలు జడివానకే జాలీ వైపు చూస్తూ కూర్చుంటున్నాం.

రోడ్డు వేయొద్దని మేం అనడం లేదు. పాత తారును యంత్రంతో గీకి తీసి, అంతే మందం కొత్తది వేయమంటున్నాం. తమిళనాడులో రోడ్లు అలాగే వేయాలని 2021లో ప్రధాన కార్యదర్శి స్థాయిలోనే ఆదేశాలిచ్చారు. గీకిన తారు పనికిరాకుండా పోదు, మళ్ళీ రోడ్డుకే వాడొచ్చు. మా సందుల్లో పెద్ద యంత్రం పట్టదంటారు. అలాంటిచోట, సిమెంటు రోడ్లున్నచోట బ్రేకర్‌తో పగలగొట్టి తీయించండి. ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. పిండి బస్తాల్లోనూ మగ్గాల్లోనూ మేం ఆ ఖర్చును ఏటేటా కడుతూనే ఉన్నాం, కాకపోతే అది ఏ ఎస్టిమేటులోనూ కనపడదు.

కాబట్టి మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు కోరుతున్నాను. పాత పొర తీయనిదే పట్టణాల్లో ఏ వీధిలోనూ కొత్త పొర వేయకూడదు, వేస్తే బిల్లు మంజూరు కాకూడదు. పని మొదలుపెట్టే ముందు ఇళ్ళ గడపల ఎత్తు, కాలువ ఎత్తు కొలిచి వీధిలో అందరికీ కనపడేలా రాసిపెట్టాలి. ఇప్పటికే పల్లంలో పడిపోయిన ఇళ్ళకు ప్రభుత్వమే వాల్వులు పెట్టించాలి, ముందుగా మగ్గాలున్న ఇళ్ళకు, తిండి సరుకు చేసే ఇళ్ళకు. వచ్చే వానల లోపల ఉత్తర్వు వస్తే ఈ ఏడాది వేయబోయే రోడ్లన్నా దారిలో పడతాయి.

మా వీధిలో ఇంటింటి గడప ఎత్తు కొలిచి, పేర్లతో, సంతకాలతో కాగితం తయారు చేసుకున్నాం. ఇంజినీరుగారు ఎప్పుడొచ్చినా ఇస్తాం.

ఇట్లు,
అప్పడాలు చేసుకునే ఒక గృహిణి,
బరంపురం, గంజాం జిల్లా