వార్షిక నివేదిక: లంకలకు మందుల సరఫరా

అధ్యక్షులకు, సభ్యులకు, గోదావరి మధ్య దిబ్బల మీది లంక గ్రామాల నుంచి రేవు దాటి వచ్చిన పెద్దలకు నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా బీపీ, షుగర్ మందుల చుట్టూనే తిరిగింది. మందు జిల్లా గోదాములో ఉంటుంది, లంకకు మాత్రం రాదు. పాత నెలల వాడకం చూసి ఇండెంట్, అంటే కావలసిన మందుల పట్టీ, పెడతారు. స్టాక్ నిండుకున్న నెలలో వాడకం తక్కువ కనబడుతుంది కాబట్టి తర్వాత ఇంకా తక్కువే వస్తుంది. ఇది తెలిశాక, మందు దొరక్క వెనక్కి వెళ్లినవారి లెక్క కూడా నోటు పుస్తకంలో రాయించాం. ఫార్మసిస్టు గారు ఆ పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఇండెంట్ వేశారు. వారికి రుణపడి ఉన్నాం.

వరద రోజు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 13.75 అడుగులకు చేరితే రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆపాటికే లంకకు వెళ్లే మన కాజ్‌వే, అంటే నీటి మీది లోతట్టు దారి, మునిగిపోతుంది. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. అందుకని సీసాలు ఐసుకు తగలకుండా తువ్వాలులో చుట్టి, డబ్బాలో సర్ది, పడవ మీద తీసుకెళ్లాం. ఖాళీ మాత్రల షీటు కొంగున ముడేసుకుని ఒక పెద్దావిడ అవతలి గట్టున పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. ఆ రోజు ఇన్సులిన్ అందని ఇల్లు మన లంకల్లో లేదు. ఇది మన సంఘం గర్వించాల్సిన రోజు.

డీజిల్ డబ్బులు కూడా తీసుకోని పడవవారికి, రొయ్యల ఐసు ఉచితంగా ఇచ్చిన ఫ్యాక్టరీవారికి, ఫ్రిజ్‌లో చోటిచ్చిన కిరాణా కొట్టువారికి, మోకాళ్ల లోతు నీళ్లలో ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎం గారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కూడా చెప్పుకోవాలి. రేవు పనికి వస్తామని పేర్లిచ్చినవారు ఎందరో, ఆ వరద రోజు రేవుకు వచ్చింది నలుగురే. సరఫరా చూసే అధికారికి మూడు అర్జీలిస్తే రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. నేటి సభకు పిలిచినా రాలేదు. వరదకు పాములు మెరక వెతుక్కుని ఇళ్లలోకి వస్తాయి, కాబట్టి పాముకాటు ఇంజక్షన్లు ముందే ఆసుపత్రికి చేర్చమన్నాం. దానికీ మౌనమే.

జమాఖర్చుల కాగితం మీ చేతుల్లో ఉంది, కోశాధికారి గారు చదువుతారు.

వచ్చే ఏడాది 11.75 అడుగుల మొదటి హెచ్చరిక రాకముందే నెల మందులు లంకలో ఉండాలని తీర్మానం పెడుతున్నాను. రేవు పనికి నిజంగా రాగలిగినవారే పేర్లు రాయించండి. రిజిస్టరు గుమ్మం పక్క బల్ల మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి