మిర్చి గోదాములకూ సొంత బీమా హక్కు కావాలి: కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం.

మా ఆర్టీసీ బస్సులు బయటి కంపెనీ ఇన్సూరెన్స్ లేకుండానే తిరుగుతున్నాయి. ఇది నేరం కాదు. లారీకి, ఆటోకు, చివరికి స్కూటరుకు కూడా తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా నుంచి ప్రభుత్వ రవాణా సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చని మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షనే చెబుతోంది. ప్రమాద బాధితులకు పరిహారం చెల్లించడానికి సంస్థ ఒక నిధి పెట్టుకుని నిర్వహించాలి, అంతే షరతు. వేల బస్సులు నడిపే సంస్థకు ఏటా పరిహారాల కింద ఎంత పోతుందో స్థూలంగా ముందే తెలుస్తుంది. ఆ డబ్బును బయటి కంపెనీకి ప్రీమియంగా కట్టి, మళ్లీ క్లెయిము కోసం అదే కంపెనీ చుట్టూ తిరగడం ఎందుకన్నది ఇందులోని ఆలోచన. చక్కని ఆలోచన. ప్రభుత్వ సంస్థలకు పనికొచ్చిన ఈ ఆలోచన మాలాంటి వారికి ఎందుకు పనికిరాదో అడగడానికే ఈ లేఖ.

నేను గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ నడుపుతున్నాను. కోత అయ్యాక రైతులు, వ్యాపారులు తెచ్చిన మిర్చి టిక్కీలు (బస్తాలు) మా చాంబర్లలో నెలల తరబడి ఉంటాయి. భవనం, కంప్రెసర్లు మావి. లోపలి సరుకు వాళ్లది. దాని మీద బ్యాంకులు అప్పులు కూడా ఇచ్చి ఉంటాయి. అగ్గి అంటుకుంటే ముగ్గురం మునుగుతాం. మిర్చికి తోడు గోడల్లో థర్మోకోల్ ఉంటుంది కాబట్టి ఒకసారి అంటుకున్న మంట ఒక పూటలో ఆరదు. అందుకని బీమా లేకుండా మేం తాళం తీయం, తీయకూడదు కూడా.

ఇబ్బంది బీమా కట్టడంలో లేదు, అది కట్టే తీరులో ఉంది. అగ్నిప్రమాద బీమాకు వెయ్యి రూపాయల విలువకు ఇంత అని రేటు కడతారు. ఆ రేటును మా యూనిట్ ఎలా ఉందో చూసి నిర్ణయించడం అరుదు. 2007 జనవరిలో టారిఫ్, అంటే అన్ని కంపెనీలకూ ఒకే రేట్ల పట్టిక, ఎత్తేశాక కంపెనీలు పోటీ పడి డిస్కౌంట్లు ఇచ్చాయి. నష్టాలు పేరుకున్నాక, బీమా కంపెనీలకే బీమా (పునర్బీమా) ఇచ్చే ప్రభుత్వ సంస్థ జీఐసీ రీ 2019లో ఎనిమిది రకాల పరిశ్రమలకు, 2020 జనవరి నుంచి 291 రకాలకు కనీస రేట్లు పెట్టి, అంతకు తక్కువకు పాలసీ రాస్తే పునర్బీమా ఇవ్వనంది. పాలసీలు ఒక్కసారిగా భారమయ్యాయి. తర్వాత పోటీ మళ్లీ పెరిగి రేట్లు దిగాయి. ఈ ఎగుడుదిగుళ్లలో మా గోదాములో ఒక్క నిప్పురవ్వ రాలినదీ లేదు, మా జాగ్రత్త పెరిగినదీ తగ్గినదీ లేదు. పొగను పసిగట్టే పరికరాలు, హైడ్రెంట్లు, అమోనియా లీకు అలారాలు సొంత ఖర్చుతో పెట్టించి రెన్యువల్‌కు వెళ్తే, మా బీమా కంపెనీ ప్రీమియంలో రూపాయి తగ్గించలేదు. పరికరాల బిల్లులు చూస్తామని కూడా అనలేదు.

చిన్న యూనిట్ల కోసం 2021 ఏప్రిల్‌లో భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీలు వచ్చాయి. మంచి పాలసీలు. విలువ తక్కువగా చూపించినా 15 శాతం వరకు పట్టించుకోకపోవడం వంటి వెసులుబాట్లు వాటిలో ఉన్నాయి. అయితే లఘు పాలసీ ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 50 కోట్లు దాటితే వర్తించదు. మా లెక్క చూడండి. లక్ష టిక్కీలు పట్టే స్టోరేజీ, టిక్కీకి 40 కిలోలు, అంటే 40 వేల క్వింటాళ్లు. 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం ప్రకటించిన క్వింటాలు 11,781 రూపాయల ధర ప్రకారం ఆ సరుకు విలువ 47 కోట్లు. క్వింటాలు 20 వేలు పలికితే 80 కోట్లు. అదే గోదాము, అవే టిక్కీలు, అదే హమాలీ ముఠా. రైతుకు ధర వస్తే మేం పెద్ద పరిశ్రమ, రాకపోతే చిన్న పరిశ్రమ!

దీని మీద 18 శాతం జీఎస్టీ. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మేం ప్రీమియం మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఫ్యాక్టరీ యజమానికి వెనక్కి వచ్చే పన్ను మాకు నికరమైన ఖర్చు. పోనీ, బీమా కంపెనీ మీద ఆధారం తగ్గించుకుందామని ఏటా కొంత సొమ్ము పక్కన పెడితే, దాన్ని ఆదాయపు పన్ను శాఖ ఖర్చుగా ఒప్పుకోదు. ప్రీమియమైతే ఖర్చు, సొంత జాగ్రత్త సొమ్మయితే లాభం. ఆర్టీసీ నిధికి ఉన్న గౌరవం మా నిధికి లేదు.

మేడమ్, ఇతర దేశాల్లో దీనికి దారి ఉంది. దాన్ని క్యాప్టివ్ బీమా అంటారు. ఒక కంపెనీ, లేదా ఒకే రకం పనిచేసే కంపెనీల గుంపు, తమ ప్రమాదాలకు మాత్రమే బీమా ఇచ్చే సొంత సంస్థను లైసెన్సుతో పెట్టుకుంటాయి. చిన్న, మధ్యస్థాయి నష్టాలను ఆ సంస్థ భరిస్తుంది, పెద్దవాటిని పునర్బీమాకు పంపుతుంది. నష్టాలు తక్కువైన ఏడాది మిగులు సభ్యులదే. అమెరికాలో ఒహాయో ఉక్కు కంపెనీల కోసం 1950లలో ఫ్రెడరిక్ రైస్ అనే ఇంజనీరు దీనికి రూపం ఇచ్చాడు. ఆస్తుల భద్రత ఆయన వృత్తి. పద్ధతి ఫ్యాక్టరీ భద్రత చూసేవాడి చేతిలో పుట్టిందే తప్ప ఆడిటరు గదిలో కాదని గుర్తుచేయడానికే ఆయన పేరెత్తాను.

గుంపుగా చేస్తే ఏమవుతుందో చెప్పడానికి బెర్ముడాలో 1972లో మొదలైన ఆయిల్ ఇన్సూరెన్స్ లిమిటెడ్ చాలు. చమురు ఒలికిపోవడం, రిఫైనరీ పేలుళ్ల తర్వాత మార్కెట్లో తగిన బీమా దొరక్క, 16 చమురు కంపెనీలు కలిసి పెట్టుకున్న పరస్పర సంస్థ అది. యాభై ఏళ్లు దాటినా నడుస్తోంది. 1985లో అమెరికా కంపెనీలకు బాధ్యత బీమా (ఇతరులకు కలిగించిన నష్టానికి పరిహారమిచ్చే బీమా) కరవైనప్పుడు 34 కంపెనీలు కలిసి ఏస్ అనే సంస్థను పెట్టాయి. అదే 2016లో చబ్‌ను కొని, ఆ పేరే పెట్టుకుని నేడు ప్రపంచంలోని పెద్ద బీమా కంపెనీల్లో ఒకటైంది. అంతదూరం ఎందుకు? విశాఖ రేవుకు వచ్చే ఓడల్లో అత్యధికం బాధ్యత బీమా తీసుకునేది ఓడల యజమానులే కలిసి నడుపుకునే పీ అండ్ ఐ క్లబ్బుల దగ్గర. మన దేశంలోనూ బీమా కంపెనీలకు మోయలేని భారమైనప్పుడు 2002లో టెర్రరిజం పూల్, 2015లో 1,500 కోట్లతో అణు బీమా పూల్ ఏర్పాటయ్యాయి. కలిసి మోయడం మంచిదని ప్రభుత్వమే ఒప్పుకుంది, కానీ బీమా కంపెనీల మధ్య మాత్రమే.

1938 నాటి బీమా చట్టం ప్రకారం సాధారణ బీమా సంస్థకు కనీసం 100 కోట్ల మూలధనం ఉండాలి. ఊహకు ఒక లెక్క చెబుతాను. 40 స్టోరేజీలు తలా 6 లక్షల చొప్పున ఏటా 2.40 కోట్ల ప్రీమియం పోగేశాయనుకుందాం. ఒక్కో ప్రమాదంలో మొదటి 50 లక్షలు సంఘం భరిస్తుంది, ఆ పైది పునర్బీమా కంపెనీ చూసుకుంటుంది. ఈ పనికి 100 కోట్లు ఎక్కడ పెట్టాలి? దేశమంతా ప్రజలకు పాలసీలు అమ్మే కంపెనీకి ఆ మొత్తం న్యాయమే. బయటివాడికి ఒక్క పాలసీ అమ్మని సంస్థకు అదే కొలత పెట్టడం కుదరదు. బయటి దేశంలో పెట్టుకుందామన్నా, భారతదేశంలోని ఆస్తిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి లేకుండా విదేశీ బీమా సంస్థ దగ్గర బీమా చేయించరాదని అదే చట్టం అంటోంది. ఈ నిషేధాన్ని నేను తప్పుపట్టడం లేదు. ప్రీమియం దేశంలోనే ఉండాలి. ఉండే దారి చూపమంటున్నాను.

క్యాప్టివ్ సంస్థలకు చోటివ్వాలన్న ప్రతిపాదన 2022లో మీ మంత్రిత్వ శాఖ తయారుచేసిన సవరణల్లో ఉంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణలో విదేశీ పెట్టుబడి పరిమితి 74 నుంచి 100 శాతానికి పెరిగింది, క్యాప్టివ్ మాట కనిపించలేదు. బయటి పెట్టుబడికి పూర్తిగా తలుపులు తీసిన చట్టం పాలసీదారుడి సొంత పెట్టుబడికి కిటికీ కూడా తీయకపోవడం వింతగా ఉంది. గుజరాత్‌లోని అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీలో క్యాప్టివ్‌ల గురించి ఆలోచన సాగుతోందని అంటున్నారు, సంతోషం. కానీ డాలర్ల లెక్కల్లో, పెద్ద వ్యాపార సముదాయాల కొలతలతో అక్కడ మాత్రమే అనుమతిస్తే గుంటూరు గోదాములు, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులు, జీడిమెట్ల చిన్న రసాయన యూనిట్లు ఆ గేటు దాకా కూడా వెళ్లలేవు. పెద్దలకు బేరమాడే బలం ఎలాగూ ఉంది. ఈ పద్ధతి అసలు అవసరం మధ్యస్థాయి వారికి.

దీన్ని ఎలా దుర్వినియోగం చేస్తారో కూడా నేనే చెబుతాను, ఎందుకంటే మీ అధికారులు మొదట అడిగేది అదే. అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో 831(బి) అనే సెక్షన్ ఉంది. నిర్ణీత పరిమితి లోపు ప్రీమియం వచ్చే చిన్న బీమా సంస్థ పెట్టుబడుల మీది ఆదాయానికే పన్ను కడితే చాలు. దీన్ని పట్టుకుని వ్యాపారులు ఎన్నడూ రాని ప్రమాదాలకు భారీ ప్రీమియాలు రాసుకుని, లాభాన్ని ఖర్చుగా చూపి, డబ్బును తమ సొంత క్యాప్టివ్‌లోకి మళ్లించారు. 2017లో అక్కడి టాక్స్ కోర్టు ఒక నగల వ్యాపారి కేసులో తీర్పు చెప్పింది. లక్షన్నర డాలర్ల దరిదాపుల్లో ఉండే ఆయన బీమా ఖర్చు క్యాప్టివ్ వచ్చాక 11 లక్షల డాలర్లు దాటింది. పన్ను అధికారులు తనిఖీకి వచ్చేదాకా క్లెయిము ఒక్కటీ లేదు. అది బీమాయే కాదని కోర్టు తేల్చింది. మన దగ్గర ఆ తెలివికి కొరత ఉంటుందని నేననుకోను. కాబట్టి ప్రీమియాన్ని యాక్చువరీ (బీమా లెక్కల నిపుణుడు) లెక్క కట్టాలి, క్యాప్టివ్ సొమ్మును సభ్యులకు తిరిగి అప్పుగా ఇవ్వడం నిషేధించాలి, సభ్యులకు నష్టాలు వస్తున్నాయా, వాటికి చెల్లింపులు జరుగుతున్నాయా అన్నది ఐఆర్‌డీఏఐ ఏటా చూడాలి. ఈ మూడూ లేకుండా పన్ను రాయితీ ఇవ్వవద్దని నేనే అంటాను.

ఇంకో ప్రమాదం పన్నుది కాదు, వాతావరణానిది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున నలభై గోదాములు ఒకేసారి నష్టపోవచ్చు. షార్ట్ సర్క్యూట్ ఒక గోదాముకే వస్తుంది, తుఫాను అందరికీ వస్తుంది. ఒకే జిల్లా వాళ్లు కలిసి తుఫాను భారం మోస్తామంటే అది బీమా కాదు, అందరం కలిసి మునగడం. అందుకని అగ్నిప్రమాదాలు, యంత్రాల వైఫల్యం వంటి విడివిడి నష్టాలనే గ్రూపు క్యాప్టివ్ తన దగ్గర ఉంచుకోవాలి. తుఫాను, వరద మొత్తంగా పునర్బీమాకు వెళ్లాలని నిబంధన పెట్టండి.

రైతు సరుకు విషయంలో మరింత గట్టిగా ఉండండి. భవనం కాలితే నష్టం నాది, నా ఎంపిక ఫలితం నేను భరిస్తాను. టిక్కీలు కాలితే నష్టం ఆ ఎంపికతో సంబంధం లేని రైతుది. కాబట్టి రైతులకు, బ్యాంకులకు ఇచ్చే పాలసీ లైసెన్సున్న మామూలు బీమా కంపెనీ పేరిటే ఉండాలి. క్లెయిము ఆ కంపెనీ చెల్లించాలి, తన వాటాను మా క్యాప్టివ్ నుంచి వెనుక రాబట్టుకోవాలి. మా సంస్థ దివాలా తీసినా రైతు చేతికి చెక్కు రావడం ఆగకూడదు. ఇలా ముందు ఒక కంపెనీ నిలబడి వెనుక క్యాప్టివ్ భారం మోసే ఏర్పాటు బయట ఎప్పటి నుంచో ఉన్నదే. దానికి ఆ కంపెనీ రుసుము తీసుకుంటుంది, తీసుకోనివ్వండి.

ఇవన్నీ పెట్టాక కూడా మాకు మిగిలేది చిన్నది కాదు. ఎవరి గోదాములో వైరింగు ఎప్పుడు మార్చారో, ఎవరు అమోనియా వాల్వులు పట్టించుకోరో మాకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు. బీమా కంపెనీ ఆఫీసులో అది తెలిసేవారు లేరు. పక్కవాడి నిర్లక్ష్యానికి మా డబ్బు పోతుందంటే వాడి గోదాముకు తనిఖీకి మేమే వెళ్తాం. జాగ్రత్తపడని సభ్యుడికి ప్రీమియం పెంచుతాం, మాట వినకపోతే బయటికి పంపుతాం. ఏటా రెన్యువల్‌కు ఫొటోలు తీసుకుని వెళ్లే ఏర్పాటుతో ఈ పని జరగడం లేదు.

గ్రూపు క్యాప్టివ్‌ను ప్రత్యేక తరగతిగా గుర్తించి, అది తన దగ్గర ఉంచుకునే భారాన్ని బట్టి మూలధనం నిర్ణయించే సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టండి. ముందుగా ప్రయోగాత్మకంగా రెండు మూడు పరిశ్రమలకే అనుమతించినా అభ్యంతరం లేదు. అభిప్రాయ సేకరణ సమావేశాల్లో ఒకటి గుంటూరు మిర్చి యార్డులో పెడితే స్టోరేజీ యజమానులే కాకుండా రైతులూ, కమీషన్ వ్యాపారులూ, బ్యాంకు మేనేజర్లూ వస్తారు. మా యూనిట్ పదేళ్ల ప్రీమియం రశీదులు, క్లెయిము కాగితాలు మీ అధికారులకు ఇవ్వడానికి నేను సిద్ధం. తోటి యజమానులనూ ఒప్పిస్తాను. ఫిబ్రవరిలో కొత్త సరుకు రావడం మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి, ఆ లోపు తేదీ పెట్టించండి.

ఇట్లు,
మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని,
గుంటూరు